ఆర్డరిచ్చింది ఒకరు.. అవస్థ పడేది ఇంకొకరు

కరీంనగర్: అంగీ కుట్టించుకోదలచినవాడు దర్జీ ముందు నిలబడి కొలతలు ఇస్తాడు. ఛాతీ ఎంత, చెయ్యి పొడవెంత, జేబు ఒకటా రెండా అన్నది దర్జీ అడిగి రాసుకుంటాడు. కుట్టిన తరువాత బిగుతైతే ఊడదీసి వదులు చేస్తాడు. కొలతలిచ్చినవాడే తొడుక్కునేవాడు గనుక ఇద్దరి మధ్యా పేచీ పెద్దగా ఉండదు. ఆర్డరిచ్చి ప్రత్యేకంగా రాయించుకునే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వ్యవహారం కూడా ఇదే తీరుగా సాగాలి. కాని ప్రభుత్వాలు రాయించే సాఫ్ట్‌వేర్‌లో కొలతలిచ్చేది రాజధానిలోని అధికారి, రాసేది కంపెనీ, తొడుక్కునేది మారుమూల పల్లెలోని రైతు. బిగుతైన సంగతి రైతుకు తెలుస్తుంది. ఊడదీయించే అధికారం మాత్రం అతనికి లేదు.

ధరణి పేరుతో 2020లో వచ్చిన భూముల పోర్టల్ విషయంలో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతులకు ఎదురైన అనుభవం ఇదే. ధరణి మంచిదా చెడ్డదా అని పార్టీలవారు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ వాదనలో మరుగున పడిపోయిన ప్రశ్న ఒకటున్నది. అసలు ఆ కంపెనీకి ఏమి చెయ్యమని చెప్పారు, ఏమి చెప్పలేదు? రైతుకు ఏమి ఇస్తామని మాట ఇచ్చారు, ఏది ఇవ్వలేమని ముందుగా చెప్పారు? సాఫ్ట్‌వేర్ పనిలో సగం పని ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోవటమేనని ఆ వృత్తిలోనివారు అంటారు.

డబ్బుల పంపిణీతో మొదలు

ధరణికి పునాది 2017లోనే పడింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న రాష్ట్రమంతటా భూరికార్డుల ప్రక్షాళన కార్యక్రమం మొదలై డిసెంబరు 31 వరకు సాగింది. ఊరూరా రెవెన్యూ సిబ్బంది కూర్చొని ఎవరి పేరున ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు ఉన్నవో రాసుకున్నారు. ఏ పేచీ లేని భూములను పార్ట్-ఏలో, తగాదా గలవాటిని పార్ట్-బిలో చేర్చారు. నిజాం కాలం నాటి సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలుకొని తరతరాలుగా పేరుకుపోయిన చిక్కులను విప్పటానికి వారికి దొరికిన గడువు నూరు రోజులు మాత్రమే.

తొందరకు కారణమున్నది. 2018 మే 10న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు హుజూరాబాద్ మండలం శాలపల్లి-ఇందిరానగర్‌లో రైతుబంధు పథకాన్ని ప్రారంభించారు. పంటకు ఎకరానికి 4,000 రూపాయల చొప్పున ఇచ్చే ఈ సొమ్ముకు లెక్క కావలసి వచ్చింది. ఆ నూరు రోజుల్లో తయారైన లెక్కనే సొమ్ము పంచటానికి వాడారు. తరువాత అదే లెక్క ధరణిలోకి ఎక్కింది. చెక్కు ఎవరికివ్వాలో తేల్చటానికి రాసుకున్న జాబితా ఒకటి, భూమి ఎవరిదో తేల్చే రికార్డు మరొకటి. మొదటిదానిలో తప్పు దొర్లితే ఒక పంటకు డబ్బు రాదు. రెండవదానిలో తప్పు దొర్లితే తాతల నాటి చెలక చేజారుతుంది. ఈ తేడాను ఎవరూ పట్టించుకున్నట్టు కన్పించదు.

2020 సెప్టెంబరు 7న గ్రామ రెవెన్యూ అధికారుల చేతిలోని రికార్డులన్నింటినీ ఒకే రోజులో స్వాధీనం చేసుకున్నారు. ఆ వెంటనే వీఆర్వో వ్యవస్థను రద్దు చేసి కొత్త పట్టాదారు పాసు పుస్తకాల చట్టం తెచ్చారు. అక్టోబరు 29న మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలో ధరణి ప్రారంభమైంది. నవంబరు 2 నుంచి తహసీల్దార్లే జాయింట్ సబ్ రిజిస్ట్రార్లుగా సాగుభూముల రిజిస్ట్రేషన్లు చేయసాగారు.

ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదా అంటే, కొంతవరకు నిలబెట్టుకున్నారనే చెప్పాలి. పూర్వం భూమి కొన్న రైతు సబ్ రిజిస్ట్రార్ కచేరీలో రిజిస్ట్రేషన్ చేయించుకొని, తరువాత పేరు మార్పిడికి తహసీలు కచేరీ చుట్టూ నెలల తరబడి తిరిగేవాడు. ఆ తిరుగుళ్ళలో చేతులు తడపవలసి వచ్చేదన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన రహస్యమే. ధరణిలో స్లాటు బుక్ చేసుకొని వెళ్తే, రిజిస్ట్రేషనూ పేరు మార్పిడీ ఒకే పూట ముగిసిపోయినవి. పేచీ లేని భూమి గలవారికి ఇది నిజంగా సుఖం. ఇప్పటికీ ఆ ఒక్క విషయంలో ధరణిని మెచ్చుకునే రైతులు ఉన్నారు.

అయితే ఆ మాట పేచీ లేని భూమికి మాత్రమే వర్తిస్తుందని ప్రారంభ సభలో చెప్పలేదు. భూమి సమస్యలన్నీ ఇక తీరిపోయినట్టేనన్న భావం పల్లెల్లో పాకిపోయింది. అవస్థలన్నిటికీ మూలం ఇక్కడే ఉన్నది.

చెప్పని కాలమ్ కంప్యూటర్‌లో రాదు

పాత పహాణీ చూసినవారికి తెలుసు, అందులో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, అనుభవదారు పేరు మరొక కాలమ్‌లో ఉండేవి. పట్టా ఒకరిది, కాస్తు మరొకరిది కావటం తెలంగాణలో వింతేమీ కాదు. నలభై ఏళ్ళ క్రితం తెల్లకాగితం మీద సాదా బైనామా రాయించుకొని, పెద్దమనుషుల సమక్షంలో సొమ్ము ముట్టజెప్పి, నాటి నుంచి నాగలి దున్నుతున్నవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక కొందరు, పట్వారీ మీది నమ్మకంతో కొందరు అలాగే వదిలేశారు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయినాక కూడా పహాణీలోని ఆ అనుభవదారు కాలమే వారికి దిక్కుగా నిలిచింది.

ధరణిలో ఆ కాలమ్ లేదు. పెట్టవద్దని నిర్ణయించారు. పట్టాదారు ఒక్కడినే చూపితే తగాదాలు తగ్గుతాయన్నది అప్పటి ప్రభుత్వ వాదన. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కౌలుదారు పేరు కాలమ్‌లో ఎక్కితే భూమి పోతుందని భయపడే పట్టాదారులు కూడా ఉన్నారు మరి. కాని దాని ఫలితం వేరుగా పరిణమించింది. కాలమ్ తీసేసినందువల్ల కాస్తుదారు పొలం నుంచి మాయం కాలేదు, కంప్యూటర్ నుంచి మాత్రమే మాయమయ్యాడు. ఎప్పుడో భూమి అమ్ముకొని పట్నం చేరినవారి వారసుల పేర్లు తెర మీద ప్రత్యక్షమైనవి. రైతుబంధు సొమ్ము కూడా ఆ పేర్లకే పోయింది.

సాఫ్ట్‌వేర్ రాసినవారిని ఇందుకు తప్పు పట్టటానికి వీల్లేదు. ఏయే కాలమ్‌లు ఉండాలో చెప్పవలసింది ఆర్డరిచ్చినవారు. అయితే ఆ వృత్తిలో అనుభవం గలవారు ఆర్డర్ రాసుకునేటప్పుడే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పట్టాదారు చనిపోతే ఏమి చెయ్యాలి? చనిపోయేనాటికి అతనికి పాసు పుస్తకం రాకపోతే? పేరులో అక్షరం తప్పు పడితే ఎవరు దిద్దాలి? సర్వే నంబరు అసలే ఎక్కకపోతే? విస్తీర్ణం రెండెకరాలకు బదులు రెండు గుంటలని పడితే? ఇవేవీ అరుదుగా జరిగే సంగతులు కావు. ఏ మండల కచేరీ ముందైనా ఒక పూట కూర్చుంటే ఇన్నీ విన్పిస్తాయి. ధరణి మొదలైననాడు వీటిలో చాలావాటికి తెర మీద నొక్కవలసిన ఆప్షనే లేదు.

తప్పు దిద్దమని తహసీల్దారును అడిగితే తన చేతిలో లేదనేవాడు. అది నిజమే. కొత్త చట్టంలో అతనికి ఆ అధికారం ఇవ్వలేదు. కలెక్టరును అడగమనేవారు. కలెక్టరు కచేరీలో అడిగితే ఆప్షన్ రావాలనేవారు. కొందరికి సివిలు కోర్టుకు పొమ్మన్న సలహా దొరికింది. ఎకరం భూమి గల రైతుకు సివిలు కోర్టు అంటే ఎకరం అమ్ముకొమ్మనటమే.

కాల్వలు, గనులు, అడవులు

ఉత్తర తెలంగాణలో ఈ చిక్కులు మరింత జటిలమైనవి. ఇక్కడ భూసేకరణ జరగని మండలాలు తక్కువ. మానేరు మీది దిగువ, మధ్య జలాశయాలు, గోదావరి మీది ఎల్లంపల్లి, కాకతీయ కాల్వ, వరద కాల్వ, రామగుండం మొదలుకొని మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వరకు సింగరేణి గనులు, ఇలా అన్నిటికీ భూములు తీసుకున్నారు. ఒక సర్వే నంబరులో పదెకరాలుండి కాల్వకు రెండెకరాలు పోతే, మిగతా ఎనిమిదెకరాలు రైతులవే. కాని ఉపసంఖ్యలు విడదీయకుండా నంబరు మొత్తాన్నీ నిషేధిత జాబితాలో పెడితే ఆ ఎనిమిదెకరాలు అమ్మటానికి లేదు, బిడ్డ పెళ్ళికి కుదువ పెట్టటానికి కూడా లేదు. ధరణిలో ఈ విధంగా చిక్కుపడిన నంబర్లు ఎన్నో ఉన్నవి. ప్రాజెక్టు కోసం ఒకసారి భూమి ఇచ్చినవారే రెండోసారి, అదీ కాగితం మీద, భూమి పోగొట్టుకున్నారన్నమాట.

ఆదిలాబాద్ ఏజెన్సీలో పరిస్థితి వేరు. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టమున్నది. దానికి తోడు అడవి అంచున పోడు భూములున్నవి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో ప్రారంభించి పంచిన పోడు పట్టాలు 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చినవి. ఇవి వారసులకు సంక్రమిస్తాయి గాని అమ్ముకోవటానికి చెల్లవు. రెవెన్యూ పట్టాలతో వీటికి సంబంధం లేదు. కాని పట్టా అన్న మాట ఒకటే కావటంతో, గోండు, కొలాం రైతులు కాగితం పట్టుకొని మీసేవా కేంద్రానికి వెళ్ళి కంప్యూటర్‌లో తమ పేరు చూపమంటారు. అది అందులో ఉండదు. ఎందుకు ఉండదో విడమర్చి చెప్పే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. కెరమెరి మండలంలో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవేనంటున్న పన్నెండు ఊళ్ళ భూముల సంగతి చెప్పనే అక్కరలేదు. ఏ రాష్ట్రపు సాఫ్ట్‌వేర్‌లో వెతకాలన్నదే అక్కడి ప్రశ్న.

మీసేవా కుర్చీలో కూర్చున్నవాడు

కంపెనీకీ సర్కారుకూ మధ్య ఎన్ని సమావేశాలు జరిగినా, రైతు ముఖం చూసి జవాబు చెప్పవలసి వచ్చింది మీసేవా కేంద్రంలోని కుర్రవాడు. స్లాటు అతనే బుక్ చేయాలి. ఆప్షన్ లేదంటే మాటలు అతనే పడాలి. పక్క ఊరి రైతుకు అయింది గదా, నాకెందుకు కాదని నిలదీస్తే అతని దగ్గర సమాధానం లేదు. ఇంకో ఆప్షన్ కింద పెట్టి చూద్దామని దరఖాస్తు చేయిస్తే తిరస్కరించబడేది, కట్టిన రుసుము పోయేది. కొన్నిచోట్ల ఆపరేటర్లు రైతును దోచుకున్నారన్న ఆరోపణలు కూడా లేకపోలేదు. అది వేరే కథ. కాని ఏ ఆప్షన్ దేనికి పనికివస్తుందో తెలుగులో రాసి గోడకు అంటించిన కాగితం ఒక్కటి ఉన్నా సగం దరఖాస్తులు తగ్గేవన్నది ఈ విలేకరి అభిప్రాయం.

విమర్శలు పెరిగినకొద్దీ ప్రభుత్వం ఆప్షన్లు జోడిస్తూ పోయింది. వాటిని మాడ్యూల్స్ అంటారు. విరాసత్‌కు ఒకటి, కోర్టు తీర్పులకు ఒకటి, నిషేధిత జాబితా నుంచి తీయటానికి ఒకటి, కంపెనీలు కొన్న భూములకు ఒకటి, విదేశాల్లో ఉన్నవారికి ఒకటి చొప్పున పెరిగి పెరిగి చివరకు 33 అయినవి. పాసు పుస్తకంలోని తప్పులు దిద్దే టీఎం-33 అన్న పేరు చదువురాని రైతు నోట కూడా పలికింది. ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన తరువాత మోరీ లేదని గుర్తుకొచ్చి ఒక గోడ, కిటికీ లేదని గుర్తుకొచ్చి ఇంకో గోడ పగులగొట్టటం వంటిది ఈ పని. ముందు గీతలోనే ఉంటే తక్కువలో తేలే మార్పు, అంతా కట్టాక ఎన్నో రెట్లు ఖర్చు పెట్టిస్తుంది. అదీగాక ఒకచోట దిద్దితే మరోచోట బీటలిచ్చే ప్రమాదమున్నది.

కాగా 2024 మార్చి 1 నుంచి 9 వరకు రాష్ట్రంలో ప్రత్యేక డ్రైవ్ నిర్వహించినప్పుడు పేరుకుపోయిన ధరణి దరఖాస్తులు సుమారు 2 లక్షల 45 వేలని ప్రభుత్వమే ప్రకటించింది. అప్పటికి పోర్టల్ మొదలై మూడేళ్ళు దాటింది. దిద్దే అధికారాన్ని తహసీల్దారు, ఆర్డీవో, అదనపు కలెక్టర్ల స్థాయికి దించింది కూడా అప్పుడే.

సున్నా మార్కుల చిక్కు

భూమి సంగతి ఇలా ఉండగా, ధరణికి ఏడాదిన్నర ముందే ఇటువంటి అనుభవం మన ప్రాంతానికి ఒకసారి అయింది. 2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు రాష్ట్రమంతటా గగ్గోలు పుట్టింది. ఆ ఏడాది ఫలితాల తయారీ పనిని బోర్డు ఒక ప్రైవేటు కంపెనీకి కొత్తగా అప్పగించింది. మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చినట్టు చూపారు. తిరిగి చూస్తే ఆమెకు వచ్చినవి 99. పేపరు దిద్దినవారు మార్కుల పత్రంలో గడులు నింపటంలో చేసిన పొరపాటది. సాఫ్ట్‌వేర్ తప్పు కాదు గదా అని తోసిపుచ్చటానికి వీల్లేదు. మిగతా సబ్జెక్టులలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు మాతృభాషలో సున్నా వస్తే, ఒకసారి సరిచూడండి అని అడిగే నాలుగు వరుసలు ఆ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకొని ఉండవచ్చును. మనిషి పొరపాటు చేస్తాడన్న సంగతి ఆర్డరిచ్చేవారికి ముందే తెలియాలి.

ఆ రోజుల్లో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. కమిటీ కంపెనీ లోపాలతో పాటు బోర్డు పర్యవేక్షణలోని లోపాలను కూడా ఎత్తిచూపింది. ఫెయిలైనవారందరి జవాబు పత్రాలూ ఉచితంగా తిరిగి సరిచూడగా 1,137 మంది పాసైనట్టు తేలింది. ఫెయిలైనవారి మొత్తం సంఖ్యతో పోలిస్తే ఇది చాలా తక్కువే కావచ్చును. ఆ 1,137 ఇళ్ళలో మాత్రం తక్కువ కాదు.

ఇంగ్లండులో జరిగినది ఇంతకంటె ఘోరం. అక్కడి పోస్టాఫీసులకు 1999 నుంచి అమర్చిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ లేని లోటును చూపితే, కంప్యూటర్ తప్పు చెప్పదన్న నమ్మకంతో సబ్ పోస్టుమాస్టర్లను దొంగలుగా నిలబెట్టారు. తొమ్మిది వందల మందికి పైగా శిక్షలు పడినవి. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నవని 2019లో అక్కడి హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను చట్టం చేసి రద్దు చేయటానికి 2024 వరకు పట్టింది. ముందుగా ఫిర్యాదు చేసినవారి మాట విని ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు.

అయితది సార్, అనే జబ్బు

ఇదిలా ఉండగా, సర్కారు పనుల మాట అటుంచి, చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ పనులు ఇక్కడ కూడా జరుగుతున్నవి. కరీంనగర్‌లో ఐటీ టవర్ 2020 జూలైలో ప్రారంభమైంది. టవర్ బయట కూడా, ఎరువుల దుకాణం లెక్కలకు, రైసు మిల్లు బస్తాల లెక్కకు, ప్రైవేటు బడుల ఫీజు రసీదులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే యువకులున్నారు. వీరి అవస్థలు వింటే ధరణి కథే చిన్న అద్దంలో చూసినట్టుంటుంది.

బేరం కుదిరేనాడు సేఠ్ కోరేది బిల్లు వేయటం ఒక్కటే. ప్రోగ్రామరు సంతోషంగా ఒప్పుకుంటాడు. నెల తిరిగేసరికి తమ్మీ, ఉద్దెర లెక్క కూడా జర పెట్టవా అంటాడు. ఆ వెనుక పాత బాకీకి మిత్తి, ఆపైన ఇంట్లో కూర్చొని ఫోనులో చూసే ఏర్పాటు, ఇలా ఒక్కొక్కటే వచ్చి పడుతుంది. చిన్న మార్పే గదా అన్నది సేఠ్ ధోరణి. ఒక్కొక్కటి చిన్నదే. అన్నీ కలిస్తే మొదటి పనికి రెట్టింపు. ఒప్పుకున్న సొమ్ము మాత్రం పెరగదు. చివరకు ప్రోగ్రామరు ఫోను ఎత్తటం మానేస్తాడు. డబ్బు తీసుకొని మోసం చేసినాడని సేఠ్ బజారంతా చాటుతాడు. ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగితే చెప్పటం కష్టం.

దెబ్బతిన్నవారు నేర్చుకున్న పద్ధతులు కొన్ని ఉన్నవి. ఆర్డర్ తీసుకునేటప్పుడు చేసేవి ఏవి, చేయనివి ఏవి అని రెండూ ఒకే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంటారు. చేయనివి రాయటమే ముఖ్యమంటారు. చేస్తామన్నవి ఇద్దరికీ గుర్తుంటాయి గాని, చేయమన్నవి కొన్నవాడికి గుర్తుండవు. బేరం యజమానితో కుదుర్చుకున్నా, రెండు రోజులు గుమాస్తా పక్కన కూర్చొని అతడు లెక్క ఎలా రాస్తాడో చూస్తారు. రేపు మీట నొక్కేది గుమాస్తా గదా. కొందరు గుమాస్తాలు ఈ కంప్యూటర్‌తో తమ కొలువు పోతుందని భయపడి అసలు సంగతులు చెప్పరు. ఆ భయం పోగొట్టటం కూడా పనిలో భాగమే. తయారైనంతవరకు వారం వారం తెర మీద చూపుతారు. అన్నిటికంటె పెద్ద జాగ్రత్త పాత ఖాతా పుస్తకాన్ని వెంటనే మూసేయనివ్వకపోవటం. ఒక పంట కాలం కంప్యూటర్, పుస్తకం రెండూ నడవాలి. నెలాఖరున రెండు లెక్కలూ కలిస్తేనే పుస్తకం అటక ఎక్కాలి.

2020 సెప్టెంబరులో గ్రామాల రికార్డులను ఒకే రోజులో లాగేసుకున్న పద్ధతిని దీనితో పోల్చి చూడవచ్చును. ఎరువుల దుకాణం ఖాతాకు చూపే పాటి జాగ్రత్తయినా ఖాస్రా పహాణీకి చూపలేదు.

మన ప్రాంతంలో మరొక జబ్బున్నది. కాదు అనటం మర్యాద కాదనుకుంటాము. పెద్ద అధికారి మూడు నెలల్లో కావాలంటే అయితది సార్ అనటమే గాని, కాదు సార్, ఏడాది పడుతుందని చెప్పేవాడు ఉండడు. చెప్పినవాడికి కాంట్రాక్టు దక్కదన్న భయం. అధికారికి కూడా మంత్రి దగ్గర ఇదే భయం. మంత్రికి సభలో చెప్పే తేదీ కావాలి. ఈ భయాల వరుసలో అట్టడుగున రైతు ఉన్నాడు. అతనికి అయితది అన్న మాట ఒక్కటే చేరింది.

కొత్త పేరు, పాత కాగితాలు

ధరణి నిర్వహణను 2024 చివరిలో ప్రైవేటు కంపెనీ నుంచి తప్పించి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి అప్పగించారు. భూభారతి బిల్లును ఆ ఏడాది డిసెంబరులో అసెంబ్లీ ఆమోదించింది. 2025 ఏప్రిల్ 14న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కొత్త పోర్టల్‌ను ప్రారంభించారు. ఈసారి రాష్ట్రమంతటా ఒకేసారి రుద్దకుండా మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలాల్లో మొదట పరీక్షించి చూశారు. ఈ నాలుగింటిలో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మండలం ఒక్కటీ లేకపోవటం గమనార్హం. గనులు, జలాశయాలు, పోడు మూడూ కలగలిసిన మండలాన్ని ఒకదానిని ఎంచుకొని ఉంటే అసలు పరీక్ష జరిగేది.

33 మాడ్యూల్స్‌ను ఆరుకు కుదించినట్టు, అనుభవదారు కాలమ్‌ను తిరిగి తెస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. తహసీల్దారు నిర్ణయం మీద ఆర్డీవోకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలు చట్టంలో మళ్ళీ వచ్చింది. 2025 జూన్‌లో ఊరూరా జరిగిన రెవెన్యూ సదస్సులలో రాష్ట్రవ్యాప్తంగా 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డవి. వీటిలో సాదా బైనామాలవే ఎక్కువ. ఊరికొక మనిషి ఉండాలన్న సంగతి ఐదేళ్ళకు గుర్తుకొచ్చి, 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులను నియమించారు.

తొడుక్కునేవాడిని పిలిచి కొలతలు తీసుకోవటం ఈసారి కొంత జరిగిందనే చెప్పాలి. కాని సదస్సులో దరఖాస్తు తీసుకున్నప్పుడు చేతికిచ్చిన రసీదు మీద ఎన్నాళ్ళలో తేలుస్తారన్నది, ఏ రకం దరఖాస్తు అసలు తేలదన్నది రాసి ఇచ్చి ఉంటే బాగుండేది. ఏజెన్సీలో సాదా బైనామా చెల్లదన్న సంగతి అర్జీ తీసుకున్న బల్ల దగ్గరే చెప్పటం అర్జీదారుకు చేసే మేలు. ఆశ పెట్టి రెండేళ్ళు తిప్పుకోవటం కంటె అది నయం.

రైతులు మాత్రం తమ జాగ్రత్తలో తాము ఉన్నారు. ఖాస్రా పహాణీ నకలు, శిస్తు కట్టిన పాత రసీదులు, మడతల దగ్గర చిరిగిన బైనామా కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని కచేరీకి వస్తున్నారు. జిరాక్స్ ఇస్తున్నారు గాని అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వటం లేదు.